కువైట్ పోయేవాళ్ళ ఫోను గురించి ఎవరన్నా చెప్తారా సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

సార్ నాది కడప, కోటిరెడ్డి సర్కిల్‌కి దగ్గర్లో జిరాక్స్, రీచార్జ్ అంగడి. మీ పేపర్ అంగడికే వేయించుకుంటా, నేను చదివేలోపల పక్క టీ కొట్టుకి వచ్చినోళ్ళు జిల్లా పేజీ నలిపి పెడతారు, అది వేరే సంగతి. ఇన్నేళ్ళలో ఎడిటర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మీరే దిద్దుకోండి. గల్ఫ్ గురించి మీరు రాసేవి చదువుతుంటా, ఏజెంట్ల మోసాలు, అకామా (అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్) బాధలు, అక్కడ ఎవరన్నా పోతే శవం ఇంటికి రావడానికి పట్టే రోజులు, అన్నీ రాయాల్సినవే. కానీ కడప, రాయచోటి, రాజంపేట పక్క నుంచి ఇంతమంది కువైట్ పోయి వస్తా ఉంటే వాళ్ళ జేబులో ఉండే ఫోను గురించి ఎవరూ ఒక ముక్క రాయరు. దాని వల్ల ఎంత డబ్బు పోతాందో, ఎన్ని తిప్పలు పడతాండారో నా అంగడి ముందర ఒక పూట నిలబడితే తెలుస్తాది. నష్టపోయినోళ్ళలో నేనూ ఒకణ్ణి, చెప్పుకోడానికి సిగ్గెందుకు.

నేను 1996లో ఎస్టీడీ ఐఎస్డీ బూత్‌తో మొదలుపెట్టినా. అప్పుడు కువైట్ నుంచి ఫోన్ రావాలంటే బూత్‌కే రావాల, ఫలానా వాళ్ళని పిలిపించన్నా పది నిమిషాల్లో మళ్ళా చేస్తా అని పెట్టేస్తారు, మా అంగట్లో పిల్లోడు సైకిల్ మీద పోయి వాళ్ళని పిల్చుకొస్తాడు, వాళ్ళు వచ్చేలోపు ఫోన్ మోగి మోగి ఆగిపోయి ఉంటాది. ఇక్కడి నుంచి చేసేవాళ్ళయితే మీటర్‌లో ఎర్ర అంకెలు తిరుగుతా ఉంటే సగం మాటలు గొంతులోనే మింగేసేవాళ్ళు. కొందరు క్యాసెట్‌లో మాటలు రికార్డ్ చేసి సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. ఇప్పుడు ఆ బాధ లేదు, ఐఎంఓ ఉంది, వాట్సాప్ ఉంది, ఖద్దామా పనికి, అంటే ఇంటిపనికి పోయిన తల్లి అక్కడ వంటింట్లో ఫోన్ గోడకి ఆనించి పెట్టుకొని ఇక్కడ కొడుకు అన్నం తింటాండాడా లేదా చూస్తాది. సంతోషమే. కాకపోతే అప్పుడు మీటర్ కళ్ళముందర తిరిగేది, ఇప్పుడు యాడ తిరుగుతాందో కనపడదు.

మా కథ చెప్తా. పోయిన చలికాలంలో నేను, మా ఇంటామె కువైట్ పోయినాం. మా బిడ్డ, అల్లుడు ఫర్వానియాలో ఉంటారు, బిడ్డకి రెండో కాన్పు, విజిట్ వీసా పంపినారు. నాది ప్రీపెయిడ్ నంబరు. మా ఇంటామెది బెంగుళూరులో ఉండే మా పిల్లోడి పోస్ట్‌పెయిడ్ ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక నంబరు. ఊరందరికీ రీచార్జ్‌లు చేసేవాణ్ణి, నాకంటే తెలిసినోడు ఎవడున్నాడని ఇద్దరికీ కువైట్ రోమింగ్ ప్యాక్, అంటే మన సిమ్ ఆ దేశంలో పనిచేసేదానికి వేసే ప్యాక్, నేనే వేసినా. టికెట్ మాత్రం చవకగా దొరికిందని మధ్యలో షార్జాలో దిగి మారేది తీసుకున్నాం. ఇక్కడ రాత్రి బస్సెక్కి మద్రాసు పోయి అక్కడ విమానం ఎక్కితే షార్జాలో నాలుగు గంటలు కూర్చోవాల. నేను కుర్చీలో వెనక్కి వాలి కునుకు తీసినా. మా ఇంటామె ఫోన్ ఆన్ చేసింది, నెట్ వచ్చేసింది, ప్యాక్ ఉంది గదా అని ప్రొద్దుటూరులో ఉండే వాళ్ళ చెల్లెలికి వీడియో కాల్ చేసి ఎయిర్‌పోర్ట్ మొత్తం చూపించింది, ఇదో ఈ అద్దాలు చూడు, ఇదో ఈ బంగారు అంగడి చూడు అని. ఆమె మాట్లాడతా ఉంటే ఇంకోపక్క రాత్రి బస్సులో తీసిన ఫోటోలన్నీ ఫోన్ తనంతట తాను బ్యాకప్ ఎక్కించుకుంటా ఉంది, అది ఆమెకి తెలీదు, నాకూ తెలీదు.

నెల తిరిగినాక మా పిల్లోడు ఫోన్ చేసి నాయినా అమ్మ నంబరుకి తొమ్మిది వేల నాలుగు వందలు పడింది, ఏం చేసినారు మీరు అన్నాడు. కస్టమర్ కేర్‌కి చేస్తే ఆ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది, సార్ మీ ప్యాక్ కువైట్‌కి, మేడం వాడింది యూఏఈలో, ఆ దేశం మీ ప్యాక్‌లో లేదు అని. షార్జాలో దిగగానే మీకు మెసేజ్ పంపినాం సార్ అని కూడా చెప్పింది. పంపినారు నిజమే, తర్వాత చూసినా, ఇంగ్లీషులో చీమలంత అక్షరాలు, మా ఇంటామె తెలుగు పేపర్ చదవగలదు గాని అది ఎట్ల చదువుతాది. మూడు సార్లు ఫోన్ చేసి బతిమాలితే కొంత తగ్గించినారు. కంపెనీ పేరు రాయను, పేరు మార్చినంత మాత్రాన కథేం మారదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది సార్. దుబాయ్, షార్జాల్లో వాట్సాప్ కాల్ పోదు, అక్కడి సర్కారు ఆపేసి పెట్టింది, అక్కడోళ్ళు బోటిమ్ లాంటి పర్మిషన్ ఉండే యాప్‌లే వాడతారు అని అందరికీ తెలుసు. మరి మా ఇంటామెకి ఎట్ల పోయింది? మా అల్లుడు చెప్పినాడు, మన సిమ్ రోమింగ్‌లో ఉంటే టవర్ వాళ్ళదే గాని నెట్ మాత్రం తిరిగి తిరిగి మన కంపెనీ గేటు గుండానే బయటికి పోతాది, యాడ ఉన్నా ఇండియాలో ఉన్నట్టే లెక్క, అందుకే వాళ్ళ అడ్డు దానికి తగల్లేదు అని. అంటే ఎయిర్‌పోర్ట్‌లో ఊరికే వచ్చే వైఫైకి కలిపి ఉంటే కాల్ పోయేదే కాదు, మా తొమ్మిది వేలు మిగిలేవి. ఖర్మ అంటే ఇట్ల ఉంటాది.

రోమింగ్‌లో నెట్ అంత ప్రియం ఎందుకంటే ఇదే. పక్క దేశం కంపెనీ టవర్ వాడుకున్నందుకు మన కంపెనీ వాళ్ళకి కట్టాల, పైన తన లాభం వేసుకోవాల. ప్యాక్ ఉంటే ఒక లెక్క, ప్యాక్ లేకుంటే కేబీల్లో, ఎంబీల్లో కొలుస్తారు. మా అంగట్లో పిల్లోళ్ళకి నేను ఇట్ల చెప్తా, 10 కేబీకి ఒక్క రూపాయే అనుకుందాం, చూడ్డానికి రూపాయే గదా అనిపిస్తాది, కానీ 1 జీబీకి లెక్కేస్తే లక్ష రూపాయలు. మనం ఇక్కడ రోజుకి జీబీన్నర రెండు జీబీలు రీల్స్ చూసి పారేసే అలవాటున్నోళ్ళం, మన చెయ్యి ఊరుకుంటాదా. విమానంలో కూడా జాగ్రత్త, కొన్ని విమానాల్లో పైన గాల్లోనే మొబైల్ నెట్‌వర్క్ ఉంటాది, ఫ్లైట్ మోడ్ తీసేసి పెట్టుకుంటే ఫోన్ దానికి తగులుకుంటాది, దాని రేటు నేల మీది రేటు కాదు.

సరే, డబ్బు పోతే పోయింది. దానికంటే పెద్ద విషయం నాకు కువైట్‌లోనే తెలిసొచ్చింది. శుక్రవారం మా అల్లుడు కువైట్ సిటీలో మాలియాకి తీసకపోయినాడు. అక్కడ సెలవురోజు మనోళ్ళు ఎంతమంది కూడతారో పోయినోళ్ళకి తెలుసు, కడప ఆర్టీసీ బస్టాండ్‌లో ఉన్నామా అనిపిస్తాది, అదే యాస, అవే తిట్లు. నేను రీచార్జ్ అంగడోణ్ణి అని తెలిసి నలుగురు చుట్టూ చేరినారు. ఎవరూ జీబీల గురించి అడగలేదు. అక్కడ లోకల్ సిమ్ తీసుకుంటే నెట్ బాగానే వస్తాది, పాస్‌పోర్ట్ చూపిస్తే నాకూ ఇచ్చినారు, రోమింగ్ ప్యాక్‌కి నేను పెట్టిన దాంతో పోలిస్తే చాలా చవక, ముందే తెలిసుంటే ఆ ప్యాక్ వేసేవాణ్ణే కాదు. వాళ్ళందరూ అడిగింది ఒక్కటే, అన్నా ఓటీపీ రావడం లేదు ఏం చేయాల.

అక్కడే నాకు విషయం అర్థమయింది సార్, ఈ ఉత్తరం రాసేది కూడా అందుకే. విదేశం పోయేవాడికి ఫోన్‌లో రెండు వేర్వేరు పనులు ఉండాయి. ఒకటి నెట్. అది యాడ దొరికితే ఆడ, చవకగా ఎవడిస్తే వాడి దగ్గర కొనుక్కోవచ్చు. రెండోది మన ఇండియా నంబరు బతికి ఉండడం. అది పోతే ఎంత డబ్బు పెట్టినా తొందరగా దొరకదు. మనోళ్ళు ఏం చేస్తాండారంటే సరిగ్గా తిరగేసి చేస్తాండారు, ఇండియా నంబరుతో నెట్ వాడి డబ్బు పోగొట్టుకుంటారు, లేకుంటే రోమింగ్ భయానికి ఇండియా సిమ్ పీకి పర్సులో, పెట్టెలో పడేసి నంబరునే పోగొట్టుకుంటారు.

చిట్వేలి పక్క నుంచి ఒకామె మా అంగడికి వచ్చింది, నాలుగేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. పోయేటప్పుడు ఫోన్ ఇక్కడ ఇంట్లోనే ఇచ్చి పోయింది, ఇంట్లోవాళ్ళు కొన్నాళ్ళు వాడినారు, రీచార్జ్ చేయడం మానేసినారు, నంబరు పోయింది. వాడకంలో లేక ఆగిపోయిన నంబరుని కనీసం 90 రోజులు పక్కన పెట్టి ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, అది రూలే. ఈమె నంబరు కూడా అట్లనే వేరే ఎవరికో పోయింది. బ్యాంకు ఖాతాకి అదే నంబరు, ఆధార్‌కి అదే, గ్యాస్‌కి అదే. ఈమె డబ్బులు పంపితే మెసేజ్‌లు ఎవరికో పోతాండాయి. ఆ నంబరు వచ్చినోడు పాపం మంచోడు, అక్కా మీ బ్యాంకు మెసేజ్‌లు నాకొస్తాండాయి మార్చుకో అని ఫోన్‌లో చెప్పినాడంట. చెడ్డోడు అయ్యుంటే? ఆమె వచ్చిన సెలవు రెండు నెలలు, అందులో బ్యాంకు చుట్టూ, ఆధార్ సెంటర్ చుట్టూ తిరగడానికే ఇరవై రోజులు పోయినాయి. నా అంగట్లో జిరాక్స్‌ల కట్ట పట్టుకొని కూర్చొని ఏడ్చింది సార్. నాలుగేళ్ళు కష్టపడిన దాని గురించి కాదు, ఒక సిమ్ముకి ఏడ్చింది.

నంబరు బతికించుకోవడం ఇప్పుడు మునుపటంత కష్టం కాదు, చెప్పేవాళ్ళే లేరు. 2024 డిసెంబర్‌లో ట్రాయ్, అంటే ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే సర్కారు సంస్థ, రూల్ మార్చింది, నెట్ వద్దనుకునేవాళ్ళకి కాల్స్, మెసేజ్‌ల వరకే ఉండే రీచార్జ్‌లు పెట్టాలని కంపెనీలకి చెప్పింది, స్పెషల్ వోచర్ల వాలిడిటీ 90 రోజుల కాడికే ఉన్న హద్దుని 365 రోజులకి పెంచింది. అంటే పోయేముందు ఒక్కసారి ఏడాది వాలిడిటీ వేయించుకొని పోతే మళ్ళీ సెలవుకి వచ్చేదాకా చాలామందికి దిగుల్లేదు. మా అంగడికి వచ్చేవాళ్ళకి నేను ఇదే చెప్తాండా, కానీ నమ్మరు, కమిషన్ కోసం పెద్ద రీచార్జ్ అంటగడుతున్నాడు అనుకుంటారు. అనుకోనీ. ఇంకోటి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉన్నప్పుడే ఆన్ చేయించుకొని పోవాల, లేకుంటే అక్కడ దిగినాక సిమ్ సిగ్నలే పట్టదు. రోమింగ్‌లో వచ్చే మెసేజ్‌కి డబ్బులు పట్టరు, ఓటీపీ ఊరికే వస్తాది. కాల్ ఎత్తితేనే డబ్బులు, అందుకే ఇండియా నంబరుకి వచ్చే కాల్ ఎత్తొద్దు, కట్ చేసి వాట్సాప్‌లో చేయమని చెప్పండి, మా అత్త మాత్రం ఇప్పటికీ నార్మల్ కాలే చేస్తాది, ఏం చేయలేం.

యూపీఐ సంగతి ఇంకా అన్యాయం. 2023 జనవరిలో యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ ఏం చెప్పింది, విదేశాల్లో ఉండేవాళ్ళు ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాకి (విదేశాల్లో ఉండే మనోళ్ళకి ఇక్కడి బ్యాంకులిచ్చే ఖాతాలు) ఆ దేశం ఫోన్ నంబరునే కలుపుకొని యూపీఐ వాడుకోవచ్చు అని చెప్పింది. బాగుంది అనుకున్నాం. అప్పుడు పది దేశాల లిస్టు ఇచ్చినారు, సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా, హాంకాంగ్, ఒమన్, ఖతార్, అమెరికా, సౌదీ, యూఏఈ, బ్రిటన్. మళ్ళీ చదవండి సార్, అందులో కువైట్ లేదు. చుట్టూ ఉన్న గల్ఫ్ దేశాలు నాలుగు ఉండాయి, కడప జిల్లా వాడు ఎక్కువగా పోయే దేశం ఒక్కటే లేదు. ఎందుకు లేదో పెద్దోళ్ళకి తెలియాల. మన ఎంపీలు ఎవరన్నా ఢిల్లీలో ఈ మాట అడిగితే బాగుండు, ఎలక్షన్లప్పుడు కువైట్‌లో ఉండే ఓటర్లకి ఫోన్లు చేయడం మాత్రం బాగా తెలుసు.

ఇంకో కొత్త సంగతి. 2025 నవంబర్ ఆఖర్లో టెలికాం శాఖ వాట్సాప్ లాంటి మెసేజ్ యాప్‌లకి ఆదేశాలు ఇచ్చింది, ఏ నంబరుతో యాప్ మొదలుపెట్టినారో ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే యాప్ నడిచేట్టు చేయాల అని. సైబర్ మోసాలు ఆపడానికి అన్నారు, మంచిదే, ఆ మోసాలకి మా వీధిలో కూడా ఇద్దరు పోగొట్టుకున్నారు. కానీ ఇండియా సిమ్ ఇంట్లో బీరువాలో పెట్టి అదే నంబరు వాట్సాప్ కువైట్‌లో వాడుకునే మనోళ్ళు ఎంతమంది ఉండారో ఆ ఆఫీసుల్లో కూర్చున్నోళ్ళకి తెలుసా అని నా అనుమానం. ఇట్లాంటి రూల్ గట్టిగా అమలైతే మొట్టమొదట తెగిపోయేది తల్లీ బిడ్డల వీడియో కాల్. కాబట్టి సిమ్ ఫోన్‌లోనే ఉంచుకొని పోవడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాల.

మరి సిమ్ ఫోన్‌లో ఉంటే నెట్ డబ్బులు పడవా అంటారు. పడకుండా చేసుకోవచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు, రెండు సిమ్ములు పట్టే ఫోన్ చాలు. మొదటి దాంట్లో ఇండియా సిమ్ ఆన్‌లోనే ఉంచి సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆఫ్ చేయాల. రెండో దాంట్లో అక్కడి సిమ్ వేసి మొబైల్ డేటా దానికి మార్చాల. అంతే, ఓటీపీ దీనికి, నెట్ దానికి. ఒక్కటి మాత్రం అందరూ మర్చిపోతారు, ఒక సిమ్‌లో సిగ్నల్ తగ్గితే నెట్‌ని ఇంకో సిమ్‌కి ఫోన్ తనంతట తాను మార్చుకునే ఆప్షన్ ఒకటి ఉంటాది, ఐఫోన్‌లో ఉంది, కొత్త ఆండ్రాయిడ్‌లలో కూడా ఉంది, అది కూడా ఆపేయాల. మనకి మేలు చేద్దామని పెట్టినారు గాని పరాయి దేశంలో అదే కొంప ముంచుతాది. వాట్సాప్‌లో ఫోటోలు వీడియోలు వాటంతట అవి డౌన్‌లోడ్ అయ్యేది ఆపేయండి, ఫ్యామిలీ గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ దేవుళ్ళకే సగం నెట్ పోతాది. కాల్స్‌కి తక్కువ డేటా వాడమనే సెట్టింగ్ కూడా అందులోనే ఉంది.

ఈసిమ్, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్, దాని గురించి కూడా అడుగుతాండారు ఈమధ్య, ముఖ్యంగా ఉమ్రాకి పోయే భాయ్‌లు. అల్మాస్‌పేట నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు, సౌదీ ఎయిర్‌పోర్ట్‌లో సిమ్ కోసం లైన్లో నిలబడాల, వేలిముద్రలు వేయాల, నా వేలిముద్రలు ఆధార్‌కే సరిగ్గా పడవు ఎట్ల అని అడిగినాడు. నిజమే, సౌదీలో సిమ్ కావాలంటే వేలిముద్ర అడుగుతారు. మదీనాలో ప్రవక్త మసీదు లోపలి రియాజుల్ జన్నాకి పోవాలన్నా సౌదీ సర్కారు నుసుక్ యాప్‌లో ముందే పర్మిట్ తీసుకోవాల, అంటే దిగినప్పట్నుంచి నెట్ ఉండాల. ఆయన కొడుకు ఇచ్చిన ఫోన్ కొత్తది, స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి చూస్తే ఈఐడీ అని ఒక పెద్ద నంబరు వచ్చింది, అది వచ్చిందంటే ఫోన్‌లో ఈసిమ్ పట్టేది ఉన్నట్టు. డేటా ఈసిమ్ ఒకటి ఆన్‌లైన్‌లో కొని ఇక్కడ అంగట్లో వైఫై మీదే ఎక్కించి పెట్టినాం, దానికి నంబరు ఉండదు, ఉత్త నెట్ మాత్రమే వస్తాది, వాట్సాప్ పాత నంబరు మీదే నడుస్తాది. అక్కడ దిగినాక ఆ లైన్ ఆన్ చేసి దానికి మాత్రం డేటా రోమింగ్ ఆన్ చేయమన్నా. ఇదొక మెలిక, ఇండియా సిమ్‌కి ఆఫ్, ఈసిమ్‌కి ఆన్, చాలామంది ఇక్కడే తికమక పడి రెండూ ఆఫ్ చేసి నెట్ రాలేదని మనల్ని తిడతారు. మక్కా నుంచి ఆయన నాకు ఫోటో పెట్టినాడు, దువా చేసినా నీకోసం అని, నాకు ఆ కమిషన్ చాలు.

నా సలహా అయితే డేటాకి ఈసిమ్ కొనండి గాని మీ ఇండియా నంబరుని మాత్రం ప్రయాణం ముందర హడావుడిగా ఈసిమ్‌గా మార్చుకోవద్దు. అక్కడ ఫోన్ కింద పడి పగిలితే ప్లాస్టిక్ సిమ్ అయితే పీకి ఇంకో ఫోన్‌లో వేసుకుంటాం, ఈసిమ్ అయితే మళ్ళీ ఎక్కించుకోడానికి కంపెనీ వెంట పడాల. ఈసిమ్ చేసిస్తాం లింక్ నొక్కండి అని ఎవడన్నా ఫోన్ చేసినా నొక్కొద్దు, నంబరు మొత్తం వాడి ఫోన్‌లోకి పోతాది, బ్యాంకు ఓటీపీలతో సహా.

ఇప్పుడు నేను అడిగేది సార్. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2017 జూన్ నుంచి ఒక దేశం సిమ్‌తో పక్క దేశం పోయినా ఇంట్లో ఉన్న రేటే, రోమింగ్ బాదుడు తీసేసినారు. మనకి అంత కుదరదు, ఒప్పుకుంటా, దేశాలు వేరు ఒప్పందాలు వేరు. కానీ 2020లో మన ట్రాయే చెప్పింది, విదేశంలో కస్టమర్ డేటా సగం వాడినప్పుడు, 80 శాతం అయినప్పుడు, మొత్తం అయిపోయినప్పుడు మెసేజ్ పంపి హెచ్చరించాల అని. ఆ హెచ్చరికలు తెలుగులో రాకూడదా? రీచార్జ్ ఆఫర్లు తెలుగులో పంపడం తెలుసు, కాలర్ ట్యూన్ అమ్మడానికి తెలుగులో ఫోన్ చేయడం తెలుసు, మీ ప్యాక్ ఈ దేశంలో పనిచేయదు నెట్ ఆపేయండి అని ఒక్క ముక్క తెలుగులో పంపడానికి ఏం రోగం. దిగిన దేశం ప్యాక్‌లో లేకపోతే కస్టమర్ సరే అనేదాకా నెట్ ఇవ్వకుండా ఆపొచ్చు గదా, బ్యాలెన్స్ లేకుంటే ఆపడం వాళ్ళకి క్షణం పని.

పనికి పోయేవాళ్ళకి విదేశాంగ శాఖ తరఫున ఒక రోజు శిక్షణ ఇస్తారు, అక్కడి చట్టాలు, ఇన్సూరెన్స్, ఎంబసీ నంబర్లు చెప్తారు. అందులో ఒక అరగంట ఫోన్‌కి పెట్టమనండి, ఉత్త మాటలు కాదు, అందరి ఫోన్‌లు చేతిలో పట్టించి అక్కడికక్కడే సెట్టింగ్స్ మార్పించాల. విదేశాల్లో ఉండే ఆంధ్రోళ్ళ కోసం సర్కారు పెట్టిన ఏపీఎన్ఆర్టీ వాళ్ళు ఒక్క పేజీ కాగితం తెలుగులో, ఉర్దూలో వేస్తే మా లాంటి అంగళ్ళలో మేమే అంటిస్తాం, జిరాక్స్ ఖర్చు నాది. కడప ఆర్టీసీ బస్టాండ్‌లో మద్రాసు, బెంగుళూరు బస్సులు ఆగే కాడ ఒక బోర్డు పెట్టినా చాలు, కువైట్ పోయేవాళ్ళు ఎక్కేది అక్కడే, ఏడుపులు అయిపోయినాక బస్సు కదిలేదాకా చదవడానికి టైం ఉంటాది. మీ పేపర్‌లో వారానికి ఒకసారి గల్ఫ్ కాలమ్ పెట్టి ఇట్లాంటివి రాస్తే శుక్రవారం మాలియాలో అందరి ఫోన్‌లలో అదే తిరుగుతాది, నేను చూసినా గదా, మన జిల్లా పేజీ వాళ్ళు అక్కడ మనకంటే శ్రద్ధగా చదువుతారు.

ఈ ఉత్తరం రాస్తా ఉండగానే రాయచోటి పక్క పిల్లోడు ఒకడు వచ్చినాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, హౌస్ డ్రైవర్ వీసా, రేపు రాత్రి బస్సు, పాస్‌పోర్ట్ జిరాక్స్ నాలుగు కాపీలు కావాలంట. నీ సిమ్ ఏం చేస్తాండావు అబ్బీ అంటే, అమ్మకి ఇచ్చి పోతాండా మామా, అక్కడ కొత్తది తీసుకుంటా అన్నాడు. బ్యాంకు నంబరు ఏది అంటే అదే అన్నాడు. కూర్చోమన్నా. వాళ్ళమ్మకి వేరే సిమ్ తీసి, వాడి సిమ్ వాడి ఫోన్‌లోనే పెట్టించి, ఏడాది వాలిడిటీ వేసి, డేటా రోమింగ్ ఆపి చూపిస్తాండా, టీ కూడా చెప్పినా. ఉత్తరం ఇంతటితో ఆపుతా సార్, వాడు ఎదురు చూస్తాండాడు.

ఇట్లు
ఒక రీచార్జ్ అంగడివాడు
కడప

వేసుకుంటే పేరు వేయొద్దు సార్, మా ఇంటామె షార్జా సంగతి ఊరంతా తెలిసిపోతాది. ప్రొద్దుటూరు చెల్లెలికి బిల్లు సంగతి ఇంకా చెప్పలేదు.